కింద మెట్టు బండి

మెడలో టేపు లేకుండా టైలరు మాస్టారిని చూసినవాళ్ళు లేరు. జబ్బుతో భార్య చిక్కిపోతుంటే నెలనెలా ఆవిడ జాకెట్లు బిగిస్తున్నారు. మిగిలిన గుడ్డ మాత్రం కత్తిరించరు; తేరుకున్నాక వదులు చెయ్యాలిగా అని కుట్టు లోపలే మడిచి ఉంచుతారు. ఆదివారం ఇంటిల్లిపాదీ పాత కార్ల దుకాణానికి వెళ్ళారు. ఏడుగురు పట్టే ఎస్‌యూవీలు రెండున్నాయి. ఎత్తుగా, నల్లగా మెరిసేదాంట్లో మనవలు అప్పుడే ఎక్కి కూర్చున్నారు. మాస్టారు మెట్టు కాస్త కిందికున్న రెండోదాని తలుపు తీసి, ఆ మెట్టు నుంచి నేలకి టేపు వేలాడదీశారు.

“ఏం మాస్టారూ, బండికి లాగు కుడతారా?” అన్నాడు దుకాణదారు.

దుకాణంవాళ్ళు వేసిన కుర్చీలో కూర్చున్న భార్య కూడా నవ్వింది. “ఆ నల్లదే తీసుకోండి. పదేళ్ళు తిరగాల్సింది పిల్లలు. నేనెన్నిసార్లు ఎక్కుతాను కనక?”

ఆ మాట ఇంట్లో అంతవరకూ ఎవరూ పైకి అనలేదు.

“రోజూ ఎక్కుతావు,” అన్నారు మాస్టారు, దెబ్బలాటకి దిగినట్టు. “బజారుకి, బడికి, ఊరికే తిరగడానికి. రోజూ!”

ఆవిడ లేచి, ఆయన భుజం పట్టుకుని, ఆ కింద మెట్టు మీద కాలు మోపింది. రెండుసార్లు ప్రయత్నించింది. ఎక్కలేకపోయింది.

“చెప్పు జారుతోంది, అంతే,” అంటూ మాస్టారు వంగి ఆవిడ చెప్పులు విప్పసాగారు.