దుంపల గుట్ట మీద తెల్ల గుడ్లగూబ

మా అమ్మమ్మ ఎనిడ్‌కి మనుషుల ముఖాలు గుర్తుండవు. పక్కింటావిడను ఇప్పటికీ రోజుకో పేరుతో పిలుస్తుంది. పిట్ట తోక కనబడితే చాలు, ఆడదో మగదో చెప్పేస్తుంది. నార్‌ఫోక్‌లో మా ఊరి పక్షుల సంఘానికి ఆమే పెద్ద. తప్పు పేరు చెప్పినవాళ్లు టీ తాగేలోపు అందరి ముందూ ఒప్పుకోవాలన్న నియమమూ ఆమే పెట్టింది. నిరుడు సంఘంలోని క్లైవ్, దున్నిన చేలో మట్టిబెడ్డను చూసి పిట్ట అన్నాడు. వెంటనే ఒప్పుకున్నాడు కూడా. అయినా చలికాలమంతా అతన్ని "బెడ్డల క్లైవ్" అనే పిలిచింది.

ఈ అక్టోబరులో సంఘం రెజ్ అనే రైతు పొలాలకు వెళ్లింది. చదువు మధ్యలో మానేసి ఖాళీగా ఉన్నానని టెలిస్కోప్ మోయడానికి అమ్మమ్మ నన్నూ లాక్కెళ్లింది. పొగమంచు ఇంకా విడలేదు. చేనుకు అవతల, తవ్విపోసిన చక్కెర దుంపల గుట్ట మీద తెల్లగా ఏదో కదిలింది.

"మంచు గుడ్లగూబ!" అంది అమ్మమ్మ. మా వైపు ఎప్పుడో గానీ రాని పక్షి అది. "క్లైవ్, అన్ని సంఘాలకూ కబురు పెట్టు."

"ఇంకాస్త చూద్దామేమో, ఎనిడ్ గారూ..."

"బెడ్డలు చూసే కళ్లతో నువ్వు చూసేదేమిటయ్యా? పెట్టు!"

పెట్టాడు. కాసేపటికే చుట్టుపక్కల ఊళ్ల కార్లతో బాట నిండిపోయింది. దుంపలు ఎత్తుకెళ్లడానికి వచ్చిన లారీ వాటి వెనక చిక్కుకుంది. రెజ్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

మంచు పలచబడసాగింది. అందరికన్నా పెద్ద టెలిస్కోప్ అమ్మమ్మదే. అందులోకి వంగి చాలాసేపు అలాగే ఉండిపోయింది.

"ఏమే," అంది నా చెవిలో, "గుడ్లగూబ పొట్ట మీద అక్షరాలుంటాయా?"

చూశాను. చినిగిన ఎరువు సంచి. కంపెనీ పేరు కూడా చదివాను, ఆ మాత్రం చదువు నాకూ వచ్చు.

"ఎవరికీ చెప్పకు. గాలికి అదే ఎగిరిపోతుంది."

"ఎగిరితే నిజంగా పిట్టే అనుకుంటారు అమ్మమ్మా."

ఆమె నవ్వలేదు. అంతలో పాపను భుజాన ఎక్కించుకున్న ఒకాయన వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "మీ పుణ్యమా అని మా పిల్ల దీన్ని చూస్తోందండీ."

అమ్మమ్మ చెయ్యి లాక్కుని చేను గట్టు పట్టుకు నడిచింది. "ఆగండి, బెదిరిపోతుంది!" అని వెనక నుంచి జనం. గుట్ట ఎక్కింది. సంచిని లాగి పైకెత్తి ఏదో అంది. ఎవరికీ వినపడలేదు. అందుకని వెనక్కి వచ్చి మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

"సంచి. తప్పు నాది."

కార్లు ఒక్కొక్కటే కదిలాయి. క్లైవ్ టీ తెచ్చిచ్చాడు.

"ఏదో ఒకటి అనవయ్యా. నేను నిన్ను అన్నాను కదా."

"టీ చల్లారిపోతుంది, ఎనిడ్ గారూ."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "సంచుల ఎనిడ్" అన్న మాట నా నాలుక చివరే ఉంది. మింగేశాను.

ఇంటికొచ్చేటప్పుడు మడిచిన సంచి ఆమె ఒళ్లో ఉంది. దారిలో తీగల మీద పిట్టలు బారుగా కూర్చున్నాయి. అవేం పిట్టలని అడిగాను.

"క్లైవ్‌ని అడుగు," అంది, తల తిప్పకుండా.