పడవకు కొత్త అంచు

కొత్తపల్లె దగ్గర కృష్ణ ఒడ్డున మా తాత పడవ ఉంది. మా ఊరు, ఇల్లు, పొలం జలాశయంలో మునిగాక, అవతలి గట్టున మిగిలిన చేనికి పోయి రావడానికి చేయించాడు. ఆ చేనూ మా నాయన కాలంలోనే పోయింది. ఆళ్లగడ్డలో ఒక గదిలో ఉంటున్నాను. మాది అని చెప్పుకోవడానికి ఈ పడవే మిగిలింది.

నిరుడు చలికాలంలో పోయి చూస్తే, పైఅంచుకు బయటివైపు కొట్టిన కట్టెపట్టీ పుచ్చి, వేలు పెడితే పొడి రాలింది. పట్టీ లేకపోతే రాళ్లకు తగిలి పలకలు విడిపోతాయి. నీళ్లు వెనక్కి పోకముందే బాగుచేసి దింపాలి. ఇంకో ఎండాకాలం ఒడ్డున ఎండితే అది ఇక పడవ కాదు. నంద్యాలలో రెండు టేకు పట్టీలు కోయించి తెచ్చాను.

నీళ్లలో రాళ్ల కింద నానబెట్టి, ఒక పట్టీ తీసి వెనకవైపు నుంచి కొట్టుకొచ్చాను. పడవ ముక్కు దగ్గర, వంపు తిరిగే చోట మొదలైంది చిక్కు. సుత్తి ఎత్తగానే కొన విదిలించుకునేది. తాడేసి బిగిస్తే జారింది. మోకాలితో అదిమితే మేకు అందలేదు. అది ఇద్దరి పని.

కొంచెం దూరంలో నీళ్ల మీద ఒకతను గుండ్రటి పుట్టిలో కూర్చుని వల తీస్తున్నాడు. కేకేస్తే వినపడే దూరమే. కానీ మా ఇంట్లో మగవాళ్లు కేకేసి మనిషిని పిలవరు, కబురు పంపుతారు. మా నాయన మంచాన పడి కూడా మంచినీళ్లకు గొంతెత్తలేదు. ఎవరో ఒకరు చూసేదాకా ఉండేవాడు. నేనూ కొనను భుజానికి ఆనించుకుని, అతను తల తిప్పకపోతాడా అని నిటారుగా నిలబడ్డాను. తిప్పలేదు. ఎండ నడినెత్తికి వచ్చింది. కట్టె ఆరిపోతోంది. ఆరితే వంగదు, విరుగుతుంది.

"ఓ అప్పా!"

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అతను గబగబా పుట్టి తిప్పుకుని వచ్చాడు.

"ఏందప్పా, పామేమన్నా కరిచిందా?"

"లేదు. ఈ కొన పట్టుకోవాల."

"దీనికా అంత అరుపు! వల ఆడే ఇడిసిపెట్టి వస్తి గదప్పా."

పట్టుకున్నాడు. నేను మేకులు కొడుతున్నాను.

"చూసి కొట్టు. నా ఏలుండాది ఈడ."

మా పెద్దవాళ్లు పోయాక నాతో అట్లా మాట్లాడిన మనిషి ఇతనే. వంపంతా పట్టీ చక్కగా అతుక్కుంది.

"యా ఊరప్పా నీది?"

ఊరి పేరు చెప్పాను. అడగకపోయినా ఇంటిపేరూ చెప్పాను.

"ఆ ఊరు యాడుంది ఈ పక్క?"

నీళ్లవైపు చూపించాను. "ఓ" అన్నాడు.

అతను పుట్టి ఎక్కుతుంటే, ఇంకో పక్క పట్టీ కొట్టడానికి రేపు వస్తావా అని అడిగాను.

"రేపు బండి ఆత్మకూరులో పెండ్లికి పోతాండా. ఎవరో ఒకరు తిరుగుతాంటారులే. కేకెయ్, వస్తారు."

తెల్లవారి రెండో పట్టీ పైకి తీశాను. నీటి అంచు ఒక్క రాత్రిలోనే పడవకు ఇంకా దూరం జరిగింది. నీళ్ల మీద ఎవరూ కనబడలేదు. అయినా కేక వేశాను.