పిట్టల పాటలు కొనే సావుకారు

విశాఖపట్నంలో ఒక ఏసీ కొట్టులో, గాజుసీసాలో పోసి, మూతకి జనపనార ముడి కట్టి, పైన ‘అడవి పిప్పళ్లు’ అని ముద్దుగా రాసిపెట్టిన సరుకును మొన్న చేతిలోకి తీసుకుని, అమ్మే పిల్ల వద్దంటున్నా వినకుండా మూత తిప్పి వాసన చూశాను. ఘాటుకి ఒక తుమ్ము వచ్చింది, ధర చూశాక ఇంకో తుమ్ము వచ్చింది. “ఎంతకిస్తారు?” అంటే “ఫిక్స్‌డ్ రేట్ మేడమ్” అంది. ఆ మాట వింటే మా వంశంలో ఎవరికైనా ఒళ్లు వేడెక్కుతుంది. పావుగంట బేరమాడి, పిప్పళ్లు కొనకుండా, వాళ్ల గుడ్డసంచీ ఒకటి ఉచితంగా పుచ్చుకుని బయటికొచ్చాను. సంచీ ఇంట్లో ఎక్కడో పడేశాను. వాసన మాత్రం నన్ను అరకులోయలో మా కొట్టు వెనక గదిలోకి, పన్నెండేళ్ల వయసులోకి తీసుకుపోయి కూర్చోబెట్టింది.

మా నాన్న మైదానం మనిషి. బొబ్బిలి పక్క పల్లెనుంచి ఉప్పూ ఎండుచేపలూ మోసుకుని కొండెక్కి, దిగడం మరిచిపోయి సంతబయలు పక్కనే కొట్టు పెట్టుకున్నాడు. మా ఇంట్లో ఋతువులు వాసనలతో మారేవి. వలిసె పూలు కొండవాలంతా పసుపు ఆరబోసినట్టు పూసే చలికాలంలో రాజ్‌మా గింజల పచ్చివాసన, అది పోయేలోగా పిప్పళ్ల ఘాటు, ఎండలు ముదిరేసరికి మంచాల కిందా దేవుడి పీట పక్కనా కూడా చింతపండు, వానలు పడితే ఏదీ ఆరక అన్నీ కలిసిన ముక్క వాసన. మా అమ్మ పండక్కి పోకుండలు వండితే వాటికి కూడా కరక్కాయల కంపు పట్టేది. అదే లోకంలో పోకుండలకుండే అసలు రుచి అనుకుని పెరిగాను.

శుక్రవారం సంత. సంత అంటే జనం బుట్టలు తెచ్చి బయల్లో దించి అమ్ముకోవడం అనుకుంటారు తెలియనివాళ్లు. మా సావుకార్ల సంత తెల్లవారకముందే, కాలిబాటల మీద మొదలయ్యేది. కొండమీది ఊళ్లనుంచి ఆడవాళ్లు నెత్తిన బుట్టలతో దిగుతుంటే దారి మలుపుల్లో మా మనుషులు కాపు కాసేవారు. బుట్ట సంతకి చేరేలోగా దాన్ని నెత్తిమీంచి దించాలి. బుట్ట నేలకి తాకితే సరుకు మనది, తర్వాత ఇంకో సావుకారు దాన్ని ముట్టుకోడు. అది ఎవరూ రాయని చట్టం. మగవాడు బుట్ట మీద చెయ్యేస్తే వాళ్లు తిడతారు, ఆడపిల్ల వేస్తే నవ్వుతారు అని కనిపెట్టినవాడు మా నాన్న. అందుకని పదో ఏటినుంచీ గెడ్డవాగు దగ్గరి మలుపు నాది. మంచులో, చెవులకి మఫ్లరు చుట్టుకుని, పాదాల చప్పుడు కోసం వింటూ నిలబడేదాన్ని. ఎవరూ రాకపోతే నాన్న ఏమంటాడోనని ఒక భయం, వస్తే పక్క సావుకారి మనిషి నాకంటే ముందు చెయ్యేస్తాడేమోనని ఇంకో భయం. చైత్రంలో కొండ ఊళ్లవాళ్ల వేట పండగ, ఇటుకల పండగనాడు మాత్రం ఆడవాళ్లంతా రోడ్డుకి అడ్డంగా వెదురు కట్టి, పాటలు పాడి, జీపులాపి చిల్లర అడిగేవారు. “ఏటీ దారికాపు, దౌర్జన్యం కాపోతే!” అని మా వీధి సావుకార్లు గొణిగేవారు. ఏడాదిలో మిగిలిన రోజులన్నీ దారి కాసేది మేమేనని ఎవరికీ తట్టేది కాదు, నాతో సహా.

ఆ మలుపులో నా చేతికి ఎక్కువసార్లు దిగిన బుట్ట సోమెలమ్మది. ఆవిడ వెనక అడ్డాకుల కట్టతో నడిచొచ్చే సుక్రి ఆవిడ కూతురు, నా ఈడుది. సరుకు కొట్టు చేరాక మేమిద్దరం అరుగుమీద చింతపిక్కలు ఆడేవాళ్లం. అది గెలిచేది, నేను తొండి పెట్టేదాన్ని. అది తెలిసీ ఊరుకునేది. బళ్లో నాకు స్నేహితులు లేరు, కొట్టు పిల్లవని దూరం పెట్టేవారు. వారానికొకసారి వచ్చే సుక్రి తప్ప నాకు ఎవరూ లేరు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నాన్న ఒక కలర్ టీవీ, సీడీ ప్లేయరు కొన్నాడు. మాకోసం కాదు. సంతనాడు మధ్యాహ్నం కొట్టు ముందు టార్పాలిన్ కింద సినిమా వేస్తే జనం కూర్చుంటారు, కూర్చున్నవాళ్లు ఉప్పో కిరసనాయిలో కొంటారు. సంతనాడు బడి ఒంటిపూటే కాబట్టి సీడీలు మార్చే పని నాది. తెలుగు సినిమాల్లో ఏ ఇబ్బందీ లేదు. విలన్ రాగానే వాద్యాలు మోగుతాయి, వాడి మీసం, కళ్లు, నవ్వు అన్నీ ముందే చెప్పేస్తాయి. జనం “అడుగో వచ్చాడు ఎదవ” అని తిట్టి, హాయిగా వేరుశనగకాయలు ఒలుచుకునేవారు.

ఒక శుక్రవారం విశాఖనుంచి వచ్చిన సీడీల కట్టలో, కవరు మీద పిట్ట బొమ్మ ఉన్నది ఒకటి తగిలింది. అది జపాను బొమ్మల సినిమా. మాటలు జపానువి, కింద ఇంగ్లీషు అక్షరాలు. నాన్న అన్నాడు:

“కాన్వెంటుకి పంపిత్తన్నాను కదా, నువ్వు సదివి సెప్పు.”

జనం ముందు నిలబడి చెప్పడం మొదలుపెట్టాను. మంచు కమ్మిన కొండ, అచ్చం మాలాంటిది. అక్కడి పిల్లలు గాజుసీసాల్లో పిట్టల పాటలు పట్టుకుని కొండ దిగుతారు. దారిలో, మలుపు దగ్గర, నల్లగొడుగు వేసుకున్న సన్నటి మనిషి నిలబడి ఉంటాడు. నవ్వుతూ మిఠాయి ఇస్తాడు. పిల్ల చేతిలోంచి సీసాను ఎంతో మెల్లగా, బరువు దించుతున్నట్టుగా తీసుకుంటాడు. కొండమీద రోజురోజుకీ పిట్టల గొంతు పోతుంటుంది.

నా గొంతు అక్కడే పోయింది. ఆ చెయ్యి నాకు తెలుసు. నాన్నది కాదు, నాది. ఎదురుగా ముప్పయి నలభై మంది, పొద్దున్నే మేము బుట్టలు దించినవాళ్లు, ముందు వరసలో సోమెలమ్మ, సుక్రి. పక్కన కాటా దగ్గర నాన్న. విలన్ అని చెబితే వీళ్లు ఎవరివైపు తల తిప్పుతారు? వచ్చే వారం సుక్రి ఇంకో కొట్టు అరుగెక్కితే?

అందుకని బేరగాళ్ల బుద్ధి చూపించాను. “ఈయన రేడియో ఆఫీసరు. పిట్టల పాటలు రికార్డు చేసి లోకమంతా వినిపిస్తాడు” అన్నాను.

అబద్ధం ఒకసారి చెబితే దానికి మేత వేస్తూ ఉండాలి. కొండమీద పిల్లల్లో ఒక చిన్న ఆడగుంట ఆ మనిషిని పసిగట్టి, వెంటపడి ఇంటికి వెళుతుంది. అక్కడ చీకటిగదిలో మంచం పట్టిన అతని చెల్లెలు. ఆమెకి లోకంలో ఏ చప్పుడూ వినబడదు, ఆ సీసాల్లో పాట ఒక్కటే వినబడుతుంది. రోజుకో మూత తీసి, ఆమె నవ్వే దాకా పక్కన కూర్చుంటాడు. మిగిలిన సీసాలు పట్నంలో అమ్మేస్తాడు. ఆ గుంట అంతా చూసి, కళ్లనీళ్లతోనే, సీసాలన్నీ పగలగొడుతుంది. పాటలు కొండకి తిరిగిపోతాయి. చెల్లెలి మొహంలో నవ్వు ఆగిపోతుంది.

నా కథలో అతను మంచి ఆఫీసరు కదా, ఇక ఆ గుంటే దుర్మార్గురాలైపోయింది. సుక్రి లేచి నిలబడింది.

“ఆ గుంట ఎందుకు పగలగొడతాది? దానికి పిచ్చేటి?”

“పిచ్చే” అన్నాను, దిక్కులేక.

“మరెందుకు ఏడుత్తంది?”

సోమెలమ్మ పొగచుట్ట నోట్లోంచి తీసింది. ఆవిడకి ఏ భాషలోనూ అక్షరం రాదు.

“రేడియో లేదు గీడియో లేదు. ఆడు సావుకారు. సూడండే, ఆడు ముందు గుంట మొకం సూడ్లేదు, సీసా సూసినాడు.”

జనం గొల్లుమన్నారు. కొందరు నాన్నవైపు చూసి నవ్వారు, కొందరు నవ్వకుండా చూశారు. నాన్న కాటా పళ్లెం పట్టుకుని అలాగే తెరవైపు చూస్తూ నిలబడిపోయాడు. నేను సినిమా ఆపబోతే “ఉండనీ” అన్నాడు. చివర్లో ఆ మనిషి గుంటతో ఒక మాటంటాడు, నేను చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

ఆ సాయంత్రం అన్నం దగ్గర నాన్న తిడతాడని ముద్ద మింగకుండా కూర్చున్నాను. ఆయన అడిగింది వేరు.

“ఆ పక్కమీది పిల్ల ఆడికి ఏటవుతాది?”

“చెల్లెలు.”

“మరిప్పుడు ఆ పిల్లకి ఎవులు?”

తెలీదన్నాను. ఆ వారంలో ఇంకా రెండుసార్లు అదే అడిగాడు, ఊళ్లో నిజంగా ఎవరికో ఒంట్లో బాగోలేనట్టు. దారికాపు గురించి ఒక్క మాట లేదు. గురువారం పడుకోబోయేముందు మాత్రం “రేపు బేగి లెగు, మంచు ఎక్కువుంటాది” అన్నాడు. ఆయన ఏం గ్రహించాడో, ఏం గ్రహించలేదో ఆ మాటతో నాకు ఇంకా అయోమయమైపోయింది.

మర్నాడు మలుపులో నిలబడ్డాను. మొదట పాదాల చప్పుడు, తర్వాత చుట్ట నిప్పు, తర్వాత పిప్పళ్ల బుట్ట, దాని కింద సోమెలమ్మ. వెనక సుక్రి నా మొహం చూడలేదు. నా చేతులు లేవలేదు.

“ఏటి గుంటా, ఇయ్యాల సెయ్యి రాదేటి?” అంది సోమెలమ్మ.

నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

“మీ అయ్యకే ఇత్తాను, ఇంకెవులికిత్తాను? సుక్రికి జొరమొచ్చి పళ్లు కరుసుకుపోతే రేత్రికి రేత్రి జీపు కట్టి కొండ దింపినాడు, మర్సిపోతానేటి? బుట్ట మాత్రం దారిలో దించను. కాటా కాడ దించుతాను.”

అని ఆగకుండా నడిచిపోయింది. నేను వాళ్ల వెనకే, ఏ బుట్టా లేకుండా, కొట్టుదాకా నడిచాను. బుట్ట నెత్తిమీదే ఉండటం చూసి నాన్న నావైపు ఒకసారి చూశాడు. ఏమీ అనకుండా ఖాళీ కాటా ఎత్తి, రెండు పళ్లేలూ సమంగా నిలిచేదాకా సోమెలమ్మకి చూపించాడు. తూచాడు. తూచాక, తేమ తరుగు పేరుతో సావుకార్లు తీసుకునే గుప్పెడు పిప్పళ్లు ఆయన చెయ్యి అలవాటుగా తీసింది. సోమెలమ్మ ఆ గుప్పెడుకేసి చూసింది. ఆయనా చూసుకున్నాడు. పిడికిలి వదులు చేసి సగం ఆవిడ బుట్టలో వేశాడు. సగం ఉంచుకున్నాడు. ఆవిడ నవ్వింది, క్షమించినట్టు కాదు, లెక్క తెలిసినట్టు.

అరుగుమీద సుక్రి చింతపిక్కలు తియ్యలేదు. “ఆకర్న ఆడు ఆ గుంటతో ఏటన్నాడు? నిజం సెప్పు” అంది.

చెప్పాను. ‘నువ్వు చేసింది న్యాయమే. నేను మాత్రం నిన్ను క్షమించలేను’ అంటాడు. అని, చెల్లెలి కోటు గుండీలు పెడుతూ కూర్చుంటాడు.

సుక్రి అంది: “అలాగయితే ఆ గుంటదీ తప్పు కాదు, ఆడు ఏడవడమూ తప్పు కాదు.”

“కాదు.”

“మరి నువ్వు రేడియో ఆపీసరని ఎందుకు సెప్పినావు?”

ప్రపంచంలో దేనికైనా ఎదురు ధర చెప్పగల నేను చింతపిక్కలు తీసి అరుగుమీద పోశాను. సుక్రి ఆడకుండా వెళ్లలేదు గానీ, ఆ రోజునుంచి నా తొండిని ఊరికే వదిలెయ్యడం మానేసింది.

గెడ్డ దగ్గర మలుపు ఇప్పుడు లేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు అక్కడి కొండబండని పేల్చేశారు. ఆ చోట బొంగులో చికెన్ అమ్మే పాక, ఫొటోలు దిగే జనం. బుట్టలు నడిచి రావు, ఆటోల్లో వస్తాయి, ధరలు ఫోన్లో ముందే తెలుస్తాయి. దారి కాసేవాళ్లూ లేరు, దారీ లేదు. సోమెలమ్మ పోయింది. సుక్రి చింతూరు వైపు ఎక్కడో నర్సుగా చేస్తోందని విన్నాను. మా నాన్న పోయి ఆరేళ్లయింది. పెద్దకర్మనాడు వచ్చినవాళ్లందరూ ధర్మప్రభువని పొగిడితే, తలూపుతూ భోజనాలు వడ్డించాను.

ఈ వ్యాసం మొదటిసారి రాసినప్పుడు, ఆ గుప్పెడు పిప్పళ్లూ మొత్తం బుట్టలోకి తిరిగి వెళ్లాయని రాశాను. చదువుకుంటే ఎంతో బాగుంది. కొట్టేసి, సగం అని రాశాను.