ఏడో సంతకం

సుబేదార్ దాలయ్యది శ్రీకూర్మం దగ్గర చేపలు పట్టేవాళ్ల పల్లె. పాతికేళ్లు సైన్యంలో కంప్యూటర్లతో కాపురం చేసి, చివరికి నెల్లిమర్ల దాటాక కొత్తగా పెట్టిన సైబర్ కేంద్రంలోకి వచ్చిపడ్డాడు. అక్కడ శత్రువు కంటికి కనపడడు. కనపడేవాళ్లంతా అధికారులే.

ఆ ఏడు ఉత్తుత్తి యుద్ధం పెట్టారు. వేరే దళం వాళ్లు దొంగతనంగా కంప్యూటర్లలోకి చొరబడాలి, వీళ్లు ఆపాలి. కాపలా ఉన్న నాయక్ రమేష్‌బాబు చొరబాటు పసిగట్టాడు. లైను తెంచాలంటే ఆరు సంతకాలు కావాలి. ఆరో దొరగారు భోంచేసి కునుకు తీస్తున్నారు. రమేష్‌బాబు ఆగకుండా లైను తెంచేశాడు. కేంద్రం గెలిచింది. గెలిపించినందుకు అతని మీదే విచారణ వేశారు ఆ మహానుభావులు! నేరం రుజువైతే చొక్కా చేతి మీది నాయక్ పట్టీ ఊడుతుంది.

దాలయ్యకు ఒళ్లు మండిపోయింది. విచారణలో లేచి నిలబడ్డాడు.

"మా పల్లిలో పెద్దవల ఏసినప్పుడు సేపల గుంపుని ఎవుడు ముందు సూస్తే ఆడే పెద్ద సార్. ఆడు గుడ్డ ఎటు ఊపితే అటే లాగాల. వల ఆసామి కూడా నోరెత్తడు. ఈడు సూసినాడు, తెంచినాడు. తప్పేటి?"

విచారణ చేస్తున్న కల్నల్ మురళీమోహన్‌కు ఆ మాట తెగ నచ్చింది. రమేష్‌బాబును వదిలేసి, మూడు నెలలు సమోసాలు తింటూ, లైను ఎవరు తెంచాలో చూపే రంగురంగుల పటం గీయించాడు. చూసినవాడికే అధికారమని పైన పెద్ద అక్షరాలు. సమన్వయాధికారి ఆమోదించాకే అని అడుగున చీమతలకాయంత అక్షరాలు. పాత ఆరుగురూ ఎక్కడివాళ్లక్కడే ఉన్నారు. వాళ్లకంటే ముందు సంతకం పెట్టాల్సిన ఏడోవాడు, ఆ సమన్వయాధికారి, దాలయ్యే.

ఛీ అని విసిరికొట్టాడా? లేదు. గదిచ్చారు, అద్దం బల్ల ఇచ్చారు. పేరు పలక మీద దుమ్ము రోజూ తన చేతిరుమాలుతోనే తుడుచుకునేవాడు. "నా సంతకం నేందే యుద్ధం నడవదే" అని పెళ్లాం బుల్లమ్మకు ఫోను చేసి మరీ చెప్పాడు.

మరుసటేడు మళ్లీ ఉత్తుత్తి యుద్ధం. రమేష్‌బాబు పరిగెత్తుకొచ్చాడు.

"సాబ్, లోపలికొచ్చేసినారు. తెంచీమంటారా?"

"రేపు పైవోళ్లకి నానేటి సెప్పాల? కాగితమ్మీద రాసియ్యి."

రాసిచ్చాడు. టైము వెయ్యలేదని దాలయ్య వెనక్కిచ్చాడు. టైము వేసి తెచ్చేసరికి తెరలన్నీ నల్లబడ్డాయి.

మళ్లీ విచారణ. పటంలో పెద్ద అక్షరాలతో ఇచ్చిన అధికారం చేతిలో ఉండి ఎందుకు తెంచలేదని ఈసారి నేరం. అనుమతి కోసం సుబేదారు గారి దగ్గరికి వెళ్లానని రమేష్‌బాబు మొత్తుకున్నాడు. కల్నల్ దాలయ్య వైపు తిరిగాడు.

"నాకాడికెవులూ రానేదు సార్" అన్నాడు దాలయ్య, సిగ్గూ ఎగ్గూ లేకుండా.

టైము వేసి ఇచ్చిన కాగితం అప్పుడు అతని చొక్కా జేబులోనే ఉంది. సాయంత్రానికి రమేష్‌బాబు పట్టీ ఊడదీశారు.