అత్తమ్మ పాటలు, మా ఆయన లాప్‌టాప్

మెదక్‌లో మా ఇంటి ముందు గదిలో నాకో జాబ్ టైపింగ్ షాపు ఉండేది. తెలంగాణ కోసం బంద్‌లు జరుగుతున్న రోజులవి. ఆ రోజు కూడా బంద్ కావడంతో షట్టర్ సగం దించి, అత్తమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ఆమె నాట్ల పాటలు టైపు చేస్తున్నాను. మర్నాడు హైదరాబాద్ దవాఖానాలో ఆమె గొంతుకు ఆపరేషన్. ఆ తర్వాత మాట రాదని డాక్టర్ ముందే చెప్పేశాడు. పాపన్నపేట పొలాల్లో ఆమె నేర్చుకున్న ఆ పాటలు మా ఇంట్లో ఇంకెవరికీ రావు. అందుకే ఆ తొందర.

పదమూడో పాట మధ్యలో మానిటర్ టప్పున ఆరిపోయింది. కింద సీపీయూ మాత్రం తిరుగుతూనే ఉంది. పొద్దుటి నుంచి ఒక్కసారి కూడా సేవ్ చేయలేదు. టైపు హయ్యర్ పాసయ్యానని ఊరంతా చెప్పుకునే దాన్ని, నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది. పన్నెండింటికి కరెంటు కోత. అప్పటికే పదకొండున్నర.

మా ఆయన తన ఆఫీసు లాప్‌టాప్ తెచ్చాడు. మామూలుగా దాన్ని ఎవరినీ ముట్టనివ్వడు. మా కంప్యూటర్ బొమ్మ దాని తెర మీద చూద్దామని, మానిటర్ వెనక నుంచి వైరు ఊడబీకి లాప్‌టాప్‌కు పెట్టాడు. వైరు సరిగ్గా పట్టింది, బొమ్మ మాత్రం రాలేదు. తీసి పెట్టాడు, ఊది పెట్టాడు.

"జర ఊకోండ్రి, ఇరిగిపోతది" అన్నాను.

కంప్యూటర్లు బాగుచేసే అతనికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెడితే అతను నవ్వాడు.

"రెండు కూడా బొమ్మను బయటికి పంపేటియే సార్. తీసుకునేది ఒక్కటి లేదు. గట్ల ఎట్లొస్తది?"

"ఇద్దరు చెప్పేటోళ్లే, ఇనేటోళ్లు లేరు. అచ్చం మీ ఆలుమగల లెక్కనే" అంది అత్తమ్మ బొంగురు గొంతుతో.

నాకు నవ్వు రాలేదు. కోతకు ఇంకో ఐదు నిమిషాలున్నాయనగా ఆయన్ని పక్కకు జరిపి కీబోర్డు ముందు కూర్చున్నాను. ఇన్‌స్టిట్యూట్‌లో మా మాస్టారు వేళ్ల మీద గుడ్డ కప్పి టైపు చేయించేవాడు. అట్లాగే తెర చూడకుండానే సేవ్ నొక్కాను: కంట్రోల్, ఎస్. కాసేపు ఆగి ఎంటర్. నమ్మకం చాలక మళ్లీ చేశాను. కరెంటు పోయింది.

నాలుగింటికి కరెంటు వచ్చాక, బంద్‌కు షాపు మూసి ఇంట్లోనే ఉన్న ఆ రిపేరతను నడుచుకుంటూ వచ్చాడు. మా కంప్యూటర్‌ను తన షాపు నుంచే చూసి బాగుచేసేందుకు అందులో ఎప్పుడో ఒక సాఫ్ట్‌వేర్ వేసి ఉంచాడట. అదే లాప్‌టాప్‌లోనూ వేసి, రెండింటినీ నెట్ వైరుతో కలిపాడు. లాప్‌టాప్‌లో మా డెస్క్‌టాప్ తెర కనిపించింది. మొదటి పాట మొదటి మాటే పేరుగా ఫైలు ఉంది. పన్నెండు పాటలు, పదమూడోది సగం. ఏడుపొచ్చేసింది నాకు. అత్తమ్మ ఆ మిగతా సగం చెప్పి, ఇంకో రెండు కూడా చెప్పింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. అన్నట్టే మాట పోయింది. నెల తర్వాత ఆ ప్రింట్లు పట్టుకుని, "గిది ఎట్ల పాడాలె అత్తమ్మా?" అని అడిగాను. ఆమె మంచం పట్టె మీద వేళ్లతో దరువేసింది. దరువు తెలిసింది, రాగం తెలియలేదు. ఆ రోజు ఆమె ప్రతి పాటా పాడుతూనే మొదలుపెట్టింది. "టైపు అందుతలేదు, ఉత్త మాటలు చెప్పుండ్రి" అని ఆపింది నేనే. ఎదురుగా ఉన్న లాప్‌టాప్‌లో పాట రికార్డు చేసుకునే మైకు ఉందని నాకు గానీ మా ఆయనకు గానీ తట్టలేదు.

ఆమె ఇంకోసారి దరువేసి, నా మొహం చూసి ఆపేసింది.