గ్లాసుకూ చేతికీ నడుమ

మొన్న మా మనవరాలు, పాఠంలో చెప్పారని, ఒక కన్ను మూసుకుని రెండు పెన్సిళ్ల మొనలు ఒకదానికొకటి తాకించబోయింది. అవి తాకకుండా పక్కనుంచి పోతుంటే పకపకా నవ్వి నన్నూ చేయమంది. పొయ్యి మీద పాలున్నాయని చెప్పి లేచి వచ్చేశాను. ఆ ఆట మా ఇంట్లోకి ఇదివరకొకసారి వచ్చింది. అప్పుడెవరమూ నవ్వలేదు.

కరోనా రెండోసారి విరుచుకుపడిన ఏడు అది. సూరత్‌లో మా గల్లీలో కరెంటుతో బట్ట నేసే సాంచాల చప్పుడు ఆగిపోయి, పక్కింటి దగ్గు కూడా వినబడేంత నిశ్శబ్దంగా ఉండేది. మా ఇంటాయనకు జ్వరం తగ్గిందని దేవునికి దండం పెట్టుకున్నామో లేదో, బ్లాక్ ఫంగస్ అని చెప్పి కుడికన్ను తీసేశారు. ప్రాణం దక్కింది. ఆ వార్డులోంచి ఇల్లు చేరనివాళ్లను తలుచుకుని, ఇంకేమైనా అడగడానికి నాకు నోరు రాలేదు. ఆయనకు మాత్రం ఒకటే దిగులు, మళ్లీ సాంచాల మీద నిలబడతానా అని. మీసాలు రాకముందు నుంచి ఆ పని తప్ప వేరే పని ఎరగని మనిషి.

చాయ్ గ్లాసు అందిస్తే ఆయన చెయ్యి గ్లాసుకు బెత్తెడు ఇవతలే మూసుకునేది. రకాబీలో ఒంపుకోబోతే చాప మీద పడేది. మా అత్తమ్మ నీరసమని పూటపూటా జావ కాచి తాగించింది, నేనూ నీరసమే అనుకున్నాను. బడి మొహం చూడనిదాన్ని, మా నాయన మగ్గం పక్కన కూర్చోబెట్టి పలక మీద దిద్దించిన అక్షరాలూ, ఆయనకు చదివి వినిపించిన పురాణాలే నా చదువు. కంటి సంగతులు నాకేం తెలుసు?

ఒకనాడు సందెదీపం పెట్టబోతూ ఏమనిపించిందో, కొంగుతో కుడికన్ను కట్టుకుని అగ్గిపుల్ల వత్తి దగ్గరికి తీసుకుపోయాను. వత్తి చక్కగా కనబడుతోంది, మంటా కనబడుతోంది, రెండూ కలవవు. ఎంత దూరమో తెలియదు. పుల్ల వేలికంటుకునే దాకా అట్లాగే పట్టుకుని, తర్వాత దేవుని ముందు కూర్చుని ఏడ్చాను.

తర్వాత చూపించుకోవడానికి పోయినప్పుడు డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. కుడికన్ను కుడి పక్కనుంచి, ఎడమకన్ను ఎడమ పక్కనుంచి ఒకే వస్తువును కాస్త వేరువేరుగా చూస్తాయట, ఆ తేడాను బట్టే మెదడు దగ్గరా దూరం, ఎత్తూ లోతూ పోల్చుకుంటుందట. ఇక మీదట తల కొంచెం అటూ ఇటూ కదుపుతూ, నీడలు చూసుకుంటూ, తడిమి నేర్చుకోవాలంది. అరవై ఏళ్లు రెండు కళ్లతో చూసి కూడా, ఆ రెండో కంటికి ఒక్కనాడూ దండం పెట్టుకోలేదే అనిపించింది.

మా మరిది, సాంచలో పోగులు దూర్చే దువ్వెనలాంటి పాత అచ్చు ఒకటి తెచ్చి కిటికీకి కట్టాడు. ఆయన పొద్దంతా దాని పళ్ల సందులోంచి పోగు లాగుతూ కూర్చునేవారు. గురి తప్పినప్పుడల్లా నేను "తల జర ఊపుండ్రి" అనేదాన్ని. ఒకరోజు విసిగిపోయి, "కన్ను ఒక్కటే వోయిందే, నీ లొల్లి రెండు చెవులల్ల పడ్తనే ఉన్నది" అన్నారు. అత్తమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆసుపత్రి నుంచి వచ్చాక మా ఇంట్లో వినబడిన మొదటి నవ్వు అది.

కార్ఖానాలు తెరిచాక సేఠ్ రమ్మన్నాడు. నేనూ వెంట పోయి గడప దగ్గర నిలబడ్డాను. ఆపి ఉన్న సాంచ మీద ఆయన తల కదుపుతూ తెగిన పోగు అందుకుని, ముడివేసి, అచ్చులోంచి లాగారు. సేఠ్ "వాహ్" అన్నాడు. నా గుండె నిండిపోయింది. తర్వాత ఆడుతున్న సాంచాల నడుమ సందులోకి పొమ్మన్నాడు. ఆయన ఒక అడుగు వేశారు. రెండు పక్కలా అదురుతున్న ఇనుము నడుమ చెయ్యి చాపి, దేన్నీ తాకలేక, అక్కడే ఆగిపోయారు. చాలాసేపటికి వెనక్కి వచ్చారు.

"పోగు దొరుకుతున్నది సేఠ్, సాంచ ఎంత దూరమున్నదో దొరుకుత లేదు. నాకు తాకితే తాకనీ, నన్ను గుంజబోయిన పక్కోని చెయ్యి నలుగుతది" అన్నారు.

ఎవరూ వద్దనకముందే తానే వద్దనుకున్నారు. సేఠ్ మంచివాడు, బల్ల మీద పరిచిన బట్టలో నేత తప్పులు చూసే పని ఇచ్చాడు. పరిచిన బట్టకు లోతు లేదు, ఒక కన్ను సరిపోతుంది. ఇప్పటికీ అదే పని.

ఆనాడు కార్ఖానా మెట్లు దిగుతూ, కింది మెట్టు ఎక్కడుందో తెలియక, నలుగురూ చూస్తుండగా నా భుజం మీద చెయ్యి వేశారు. మా ఈడు ఆడవాళ్లకు చెప్పనక్కరలేదు, పెళ్లైన నాటి నుంచి వెనక నడుస్తూ మనం బజారులో చూసింది మగని వీపునే కదా. అప్పటి నుంచి ఆయన కుడిపక్కన నేను నడుస్తున్నాను. ఆయన కన్ను పోయి నాకు దక్కిన ఈ చోటుకు దేవునికి దండం పెట్టుకుందామంటే చేతులు ముందుకు రావు, పెట్టుకోకుండా ఉందామంటే మనసొప్పదు.