గులాబి మచ్చ గొర్రెలు

పెళ్లయిన కొత్తలో, పెద్దకడుబూరు దగ్గరి మా అత్తగారి ఊళ్లో, పట్టపగలు నా గొర్రెలన్నిటినీ నేనే పోగొట్టుకున్నాను. దొంగ రాలేదు, తోడేలు రాలేదు. కత్తెర వచ్చింది. నవ్వుకోండి, నేనేమీ అనుకోను.

అవి మా అమ్మ నాకిచ్చిన గొర్రెలు. అత్తింట్లో ఇది నాది అని చెప్పుకోవడానికి ఉన్నవి అవే. మామ గొర్రెలకు గుర్తుగా ఎడమ చెవి కొస కోసి ఉంటుంది. మందలో కలిపేముందు నావాటికి కుడిచెవి కోయాలన్నాడు. నేను ససేమిరా అన్నాను. ఎద్దుల కొమ్ములకు పూయగా మిగిలిన గులాబి రంగుతో నావాటి వీపుల మీద అరచేయంత మచ్చలు వేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

బొచ్చు కత్తిరించే రోజు మామా, నా మొగుడూ ఎమ్మిగనూరు సంతకు వెళ్లారు. పెత్తనం నాది. గోనెగండ్ల నుంచి వచ్చిన కత్తెర పెద్దాయన నా గొర్రెను పడుకోబెట్టి ఆగాడు.

"రంగుండేది ఇడిసిపెట్టల్లా అమ్మా?"

"యాల ఇడిసేది? అంతా తీయప్పా, కంబళికి తక్కువైతాది."

తీశాడు పాపం. మధ్యాహ్నానికి మంద మొత్తం గుండు కొట్టించుకుని తిరుపతి నుంచి దిగినట్టుంది. అన్నీ ఒకే మొహం.

"నీ గొర్రెలు అగో, ఆ కుప్పలో ఉండాయి సూడు సెల్లీ" అంది మా తోటికోడలు. చూస్తే గులాబి మచ్చలన్నీ బొచ్చు కుప్పలో ఉన్నాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారట, నేను బొచ్చు పోయాక రంగు వెతుక్కున్నాను.

మొగుడికి ఫోన్ చేసి నా గొర్రెలు ఎట్లుంటాయని అడిగితే, నల్లగా ఉంటాయని పెట్టేశాడు. జొన్నలు చూపించి పిలిస్తే నావి నా దగ్గరకు వస్తాయనుకున్నాను. మంద మొత్తం వచ్చింది. ఈలోగా తోటికోడలు బలిసినవన్నీ ఏరి, ఇవి మావి అని పక్కన కట్టేసింది. నాకు ఏడుపొచ్చింది. ఏడవలేదు, అది వేరే సంగతి.

పొద్దువాలాక మామ వచ్చాడు. సంగతి విని పండగ చేసుకున్నాడు.

"సెప్తే ఇన్యావా? కత్తి తే. ఈపొద్దు నీవన్నిటికీ కుడిసెవి కోసేస్తా."

చీకటి పడితే మామకు చూపు ఆనదు. ముందు తనవి పక్కకు తీయాలని, తోటికోడలు కట్టేసిన వాటి ఎడమ చెవులు తడుముతూ కూర్చున్నాడు. ఇది కోసిందే అన్నాడు. ఇదీ కోసిందే అన్నాడు. మూడోదాని దగ్గర వేళ్లు ఆగిపోయాయి.

"ఇది కొయ్యలేదే."

పొద్దున్నుంచీ అందరం వీపులే చూశాం. చెవులు చూసినవాళ్లు ఒక్కరూ లేరు.

"మామా, ఆ సెవి ఇడిసిపెట్టు. కొయ్యని సెవులన్నీ నావే."

మామ కత్తి మడిచి జేబులో పెట్టుకున్నాడు. తోటికోడలు ఒక్కొక్క తాడే విప్పింది.

ఆ బొచ్చుతో నేసిన కంబళి మీద చెయ్యి పెట్టి ఒట్టేస్తున్నాను: ఈ జన్మలో మళ్లీ గొర్రె వీపుకు రంగు పూయను. నా గొర్రెల చెవులు ఎవ్వరినీ కోయనివ్వను. మందలో పుట్టిన పిల్లలకు చెవి కోయడం మామ మరిచిపోతే మాత్రం అవి నావే. మామకు ఈ మధ్య మతిమరుపు బాగా ఎక్కువైంది.